ముక్కు ఊడిరావాల

చిరంజీవి పాపకు,


నువ్వు గీసి పంపిన రాకెట్టు బొమ్మ చూసినాను. ముక్కును సూదిలాగా చెక్కిస్తానంటివి. అంత మొన అక్కర్లేదు తల్లీ. అది ధ్వనిని దాటే రాకెట్లకు, అంటే సెకనుకు 340 మీటర్ల పైన పోయేవాటికి. నీది ఆ దరిదాపులకు పోదు. ఆ లోపు వేగాలకు కొన గుండ్రంగా ఉండి, పక్కలు నున్నగా వంపు తిరిగిన ముక్కే మేలు. గొట్టం వెడల్పుకు రెండు మూడింతల పొడవు చాలు. పైగా సూది మొన ఎవరి నెత్తిన పడినా కష్టమే.

అయినా ఆకారం గురించి నాకు పెద్ద బెంగ లేదు. ముక్కుకు అసలు పని ఊడిరావడం. పైకి చేరినాక మోటారులోని చిన్న మందు పేలి గొట్టంలోకి వాయువు ఊదుతుంది. ఆ తోపుకు ముక్కు ఊడి పారాచూట్ బయటపడాల. పడకుంటే రాకెట్టు నిలువునా నేలకు దిగుతుంది.

పెద్దోళ్ళకే ఇది తప్పలేదు. 2017 ఆగస్టు 31న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సి39 లేచింది. దశలన్నీ సరిగానే మండినాయి. ముక్కున ఉండే హీట్ షీల్డ్ మాత్రం విడిపోలేదు. 1,400 కిలోలు దాటిన ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1హెచ్ ఉపగ్రహం ఆ డొప్పలోనే చిక్కిపోయింది. వదిలించుకోవాల్సిన టన్ను బరువును మోసుకుపోయినందుకు అనుకున్న కక్ష్యా దక్కలేదు.

ఇంక కట్టె సంగతి. పుస్తకాల్లో బాల్సా అని ఉంటుంది, అది ఈక్వెడార్ వైపు చెట్టు. దానికోసం వెతుక్కోవద్దు. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి తేలికైనది, చాకుకు లొంగుతుంది. ఏటికొప్పాకలో లేత్ మీద తిప్పే అంకుడు కర్రా పనికొస్తుంది. ధర్మవరంలో మంచంకోళ్ళు తిప్పే వడ్రంగిని అడుగు, చేసిస్తాడు. గరుకు కాగితంతో రుద్ది, రెండు మూడు పూతలు వార్నిష్ వెయ్యి. లేకుంటే కట్టె తేమ పీల్చి ఉబ్బి గొట్టంలో బిగుసుకుంటుంది. త్రీడీ ప్రింటులో తీయిస్తావా, పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. మన ఎండలో మూసిన కారులో పెట్టి ఎగరేయడానికి పెనుకొండ చేర్చేలోగా వంకరపోవచ్చు. లోహం జోలికి మాత్రం పోవద్దు.

ముక్కులో కొంచెం బంకమట్టి పెడితే బరువు ముందుకొచ్చి రాకెట్టు నిలకడగా పోతుంది. రెక్కలున్నాయి కాబట్టి గాలి వీస్తే దానికి ఎదురు తిరుగుతుంది. మన వైపు గాలి జోరెక్కువ, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు గదా! ఆషాఢం పోనిచ్చి, గాలి లేని తెల్లవారుజామున, పెనుకొండ అవతల ఇండ్లు లేని బీట్లో ఎగరేద్దాం.

ముక్కు సరిగా ఊడివస్తుందో లేదో చూడ్డానికి, దాన్ని పట్టుకుని రాకెట్టును ఎత్తు. గొట్టం జారిపడితే ముక్కు వదులు, ఒక చుట్టు టేపు వెయ్యి. కొంచెం విదిలించినా రాకుంటే బిగుతు, గరుకు కాగితంతో రుద్దు. ఇది ఇంట్లోనే పదిసార్లు చేసి చూడు. టపాకాయల మందు కూరి మోటారు చేసే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. తయారు మోటారే కొందాం, మీ సైన్సు సారు దగ్గరుంటేనే ముట్టిద్దాం.

మీ పెదనాయన