ఇంజిన్ దించకముందే రాయించుకోండి

నెల్లూరు ఆటోనగర్‌లో ఏ షెడ్డు దగ్గర కాసేపు నిలబడినా ఈ మాట వినబడుతుంది: "ఇంజిన్ పనైపోయింది సార్, దించాల్సిందే." బ్రీదర్‌లోంచి పొగ తన్నుతోంది. ఆయిల్ పోసింది పోసినట్టే తాగేస్తోంది. ఏసీ వేస్తే బండి ఫ్లైఓవర్ ఎక్కనంటోంది. ఇక యజమాని ముందు మూడు దారులు. ఉన్న ఇంజిన్‌నే విప్పి, బోరింగ్ చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చి మళ్ళీ బిగించడం ఒకటి. సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఎక్కించడం రెండోది. కంపెనీ నుంచి కొత్తది తెప్పించడం మూడోది.

ఏది మన్నుతుందో మెకానిక్ చెప్పాలి, ఏది భరించగలమో ఇంట్లో తేలాలి. మధ్యలో వకీలుకేం పని అంటారా? మొదటి దారిలో బండి పాత బండే. మిగతా రెండు దారుల్లో చట్టం కళ్ళకు అది మారిన బండి. ఆ సంగతి తెలియకుండా ఇంజిన్ దించితే, రేపు బండి అమ్మేటప్పుడో, బీమా అడిగేటప్పుడో, రోడ్డు మీద తనిఖీలోనో అడ్డం తిరుగుతుంది.

కారణం ఇంజిన్ నంబరు. అది సిలిండర్ బ్లాక్ మీద గుద్ది ఉంటుంది, ఆర్సీలోనూ అదే ఉంటుంది. బోరింగ్ చేసినా, స్లీవులు వేసినా, హెడ్ మార్చినా బ్లాక్ అదే కాబట్టి నంబరూ అదే. రవాణా కార్యాలయానికి వెళ్ళే పని లేదు. ఇంజిన్ మొత్తం మారిందా, ఆర్సీలో ఉన్న నంబరు ఒకటి, బండిలో ఉన్నది ఇంకొకటి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇక్కడే వస్తుంది. ఆర్సీలోని వివరాలకు, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదంటుంది ఆ సెక్షన్. "అదే కంపెనీ, అదే మోడల్ ఇంజినే కదా, దానికి కూడానా?" అని అడుగుతారు. దానికీ రవాణా కార్యాలయం అనుమతి కావాలి. కనీసం పది రవాణా వాహనాలున్న యజమానులు అదే రకం ఇంజిన్‌ను అనుమతి లేకుండా మార్చుకునేలా రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్‌తో వీలు కల్పించవచ్చని అదే సెక్షన్‌లో ప్రత్యేకంగా రాసి ఉంది. పది బండ్లవాడికే ప్రత్యేక వెసులుబాటు కావాల్సి వచ్చిందంటే, ఒక్క బండివాడికి అనుమతి తప్పదనే అర్థం. మార్పు జరిగిన 14 రోజుల్లో ఆర్సీతో, ఫీజుతో తెలియజేసి కొత్త నంబరు ఎక్కించుకోవాలి. బండి మీద అప్పుంటే ఫైనాన్స్ సంస్థ రాతపూర్వక అంగీకారం కూడా తీసుకోండి. ఆ తర్వాత బీమా కంపెనీకి తెలిపి పాలసీలో నంబరు మార్పించండి. చాలామంది మరిచిపోయేది ఈ ఆఖరి పనే.

అనుమతి లేని మార్పుకు 2019 సవరణ తర్వాత ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. చిన్న ఇంజిన్ తీసి పెద్దది బిగిద్దామనుకునే ఉత్సాహవంతులు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో, కేరళ నుంచి వచ్చిన జయచంద్ర కేసులో, తేల్చి చెప్పింది.

బోరింగ్‌కే ఒప్పుకున్నా ఒక చిక్కుంది. విప్పాక బ్లాక్ పగిలి ఉందని తేలితే షెడ్డువాళ్ళు వేరే బ్లాక్ వేస్తారు. పనిని వాళ్ళు 'రిపేరు' అనే అంటారు గానీ నంబరు మారిపోయింది. పాత నంబరునే కొత్త బ్లాక్ మీద గుద్దిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అడ్డదారి నంబరున్న బండి దొంగబండిలాగే కనబడుతుంది. "బ్లాక్ మార్చాల్సి వస్తే నన్ను అడగకుండా ముందుకు పోవద్దు" అని జాబ్ కార్డు మీద రాయించడం దీనికి మందు.

సెకండ్ హ్యాండ్ ఇంజిన్ అనగానే మన జిల్లావాళ్ళ చూపు చెన్నై వైపు పోతుంది. పుదుపేట సందుల్లో పాత బండ్ల సామాను దొరకనిది లేదని పేరు. బాగున్న ఇంజిన్లు నిజంగానే దొరుకుతాయి. అది ఏ బండిలోంచి వచ్చిందన్న కాగితం మాత్రం అడిగి తీసుకోవాలి: ఇంజిన్ నంబరు రాసిన బిల్లు, ఆ బండి ఆర్సీ నకలు, తుక్కుకు పోయిన బండైతే దాని పత్రం. నంబరు దొంగబండిదేమో చూసుకోవడానికి జాతీయ నేర రికార్డుల బ్యూరో వారి 'వాహన్ సమన్వయ్' సేవ ఉంది. దొంగసొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి తగిన కారణం ఉండి గానీ కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. బిల్లు అడిగితే ముఖం తిప్పుకునే దుకాణమే 'తగిన కారణం' కావచ్చు. కొత్త ఇంజిన్‌కు పోలిస్తే పాతదానికి ధర తక్కువే. కానీ కాగితాలు లేని పాత ఇంజిన్‌ను ఆర్సీలోకి ఎక్కించడం కష్టం, కాబట్టి ఆ తక్కువ ధర అసలు ధర కాదు.

ఇక ఎంతవరకు ఖర్చు పెట్టాలి? దీనికి చట్టంలో జవాబు లేదు. బీమా వాళ్ళకు మాత్రం ఒక గీత ఉంది. ప్రమాదంలో దెబ్బతిన్న బండి బాగుచేత ఖర్చు పాలసీలో రాసిన విలువలో, అంటే ఐడీవీలో, 75 శాతం మించితే దాన్ని పూర్తి నష్టంగా లెక్కకడతారు. అరిగిన ఇంజిన్‌కు ఈ నియమం వర్తించదు, కానీ కొలబద్దగా పనికొస్తుంది. దానికి బండి వయసు కూడా కలపండి. 2019లో రాష్ట్రమంతా ఏపీ 39 రిజిస్ట్రేషన్ సిరీస్ మొదలైంది కాబట్టి మన నెల్లూరు ఏపీ 26 బండ్లు ఏవైనా అంతకుముందువే. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. ఆపైన ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి. పన్నెండేళ్ళు దాటిన బండికి కొత్త ఇంజిన్ కొనడం కంటే బోరింగ్‌తో నెట్టుకురావడమో, ఉన్నదున్నట్టు అమ్మేయడమో మేలని నా అభిప్రాయం. ఉప్పుగాలికి తుప్పెక్కిన బాడీలో కొత్త ఇంజిన్ పెట్టినా ఫిట్‌నెస్ వాళ్ళు చూసేది ఇంజిన్‌నొక్కదాన్నే కాదు.

నిర్ణయం ఏదైనా, అది ఇంజిన్ దించకముందే కాగితం మీదికి రావాలి. విప్పేశాక బండి మీ చేతిలో ఉండదు. పిస్టన్లు ఒక ట్రేలో, క్రాంక్ లేత్ షాపులో ఉన్నప్పుడు బేరమాడే బలం ఎవరికుంటుంది? జాబ్ కార్డులో ఏయే పార్టులు మారుస్తారో, అవి కంపెనీవో బయటివో, కూలీ ఎంతో, ఏ తేదీకిస్తారో, ఎన్ని నెలలు లేదా ఎన్ని కిలోమీటర్లు గ్యారంటీయో రాయించండి. ముందు చెప్పిన అంచనా దాటితే ఫోన్ చేసి, వాట్సాప్‌లో ఒప్పుకున్నాకే చేయాలని చేర్చండి. తీసేసిన పాత పార్టులు తిరిగివ్వమనండి. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా సార్" అంటారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం. ఆ 18 శాతం మిగుల్చుకోబోయి ఇంజిన్ మళ్ళీ పట్టేసిన రోజున చూపించడానికి ఏమీ లేకుండా పోతుంది. బిల్లు ఇవ్వకపోవడాన్నే 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది.

ఎక్కువ గొడవలు పని అయ్యాక డబ్బు దగ్గర వస్తాయి. ముందు చెప్పింది ఒకటి, బిల్లు ఇంకొకటి. "మొత్తం కడితేగానీ బండి కదలదు" అంటారు. అలా ఆపే హక్కు వాళ్ళకుందా? ఉంది, కొంతవరకు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన వస్తువు మీద ఒప్పందం మేరకు శ్రమ, నైపుణ్యం పెట్టినవారు తమ కూలీ ముట్టేదాకా దాన్ని ఆపుకోవచ్చు. ఒప్పుకున్న పనికే ఆ హక్కు. మీరు చెప్పని పనికి బిల్లేసి, ఊరికే నిలబెట్టినందుకు రోజుకింత అద్దె కట్టి, వాటికోసం బండిని పట్టుకోవడానికి ఆ సెక్షన్ ఆసరా కాదు.

అలాగని రెండో తాళంచెవితో రాత్రికి రాత్రి బండి తెచ్చుకోకండి. "నా బండి నేను తెచ్చుకుంటే దొంగతనమా?" అని అడిగేవాళ్ళకు 1860 నాటి శిక్షాస్మృతిలోనే జవాబుంది. అందులో దొంగతనానికిచ్చిన ఉదాహరణల్లో ఒకడు రిపేరుకిచ్చిన తన గడియారాన్ని దుకాణంలోంచి తీసుకుపోతాడు. రిపేరువాడికి బాకీ ఏమీ లేకపోతే అది దొంగతనం కాదు. బాకీ ఉండి, అందుకు హామీగా అతడు గడియారాన్ని న్యాయంగా ఆపుకుని ఉంటే, ఆ హామీ లేకుండా చేద్దామని తీసుకుపోయినవాడు సొంతదారే అయినా దొంగే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న న్యాయ సంహిత 303వ సెక్షన్‌లోనూ ఆ గడియారం అలాగే ఉంది. కాబట్టి చేయాల్సింది ఇది: ఒప్పుకున్న మొత్తం చెల్లించండి. మిగతాది కట్టకపోతే వదలనంటే, అత్యవసరమైతే కట్టి, బిల్లు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి సంతకం చేసి ఫోటో తీసుకోండి. ఆ సొమ్ము తర్వాత రాబట్టుకోవచ్చు.

బోరింగ్ చేయించిన రెండు నెలలకే మళ్ళీ నీలిపొగ వస్తే? సహజంగా కోపంతో ఇంకో షెడ్డుకు తోలుకుపోతాం, అతడు వెంటనే విప్పేస్తాడు. కేసు అక్కడే చెడుతుంది, ఎందుకంటే మొదటివాళ్ళ పనికి సాక్ష్యం ఇంజిన్ లోపలే ఉంది. ముందు మొదటి షెడ్డుకు రాతపూర్వకంగా తెలపండి. విప్పేటప్పుడు రమ్మని తేదీ చెప్పండి. కంప్రెషన్ టెస్టు చేయించి, అర్హతగల ఆటోమొబైల్ ఇంజినీరు రిపోర్టు తీసుకోండి. తర్వాత నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు కాబట్టి, ఇంజిన్ చెన్నైలో కొన్నా కేసు నెల్లూరులో నడుస్తుంది. గడువు రెండేళ్ళు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే వేయవచ్చు. ముందు మాట సాయం కావాలంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆశలు మాత్రం హద్దులో పెట్టుకోండి. పార్టు మారిస్తే సరిపోయే చోట మొత్తం బండి మార్చమనడం కుదరదని సుప్రీంకోర్టు 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో చెప్పింది.

ట్యాక్సీ నడుపుకునేవాళ్ళకూ, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్లకు డీజిల్ ఇంజిన్లు పెట్టుకున్న చిన్న రైతులకూ "మీది వ్యాపారం, మీరు వినియోగదారులు కారు" అనే వాదన ఎదురవుతుంది. బతుకుతెరువు కోసం స్వయంగా నడుపుకుంటే వినియోగదారే అని 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది, చట్టంలోనూ ఆ మాట ఉంది. ఒకరిద్దరి సాయం ఉన్నా ఫరవాలేదు. పూర్తిగా ఇతరుల చేత నడిపిస్తే మాత్రం ఆ రక్షణ దొరకదు. డ్రైవర్లను పెట్టి నాలుగు బండ్లు తిప్పే యజమాని సివిల్ కోర్టుకు వెళ్ళాల్సిందే.

బయట షెడ్డులో చేయిస్తే కంపెనీ వారంటీ పోతుందన్న భయం గురించి రెండు మాటలు. విడిభాగాలను బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారని షంషేర్ కటారియా ఇచ్చిన ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయట చేయించినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దంటూ షరతు పెట్టొద్దని కూడా ఆదేశించింది. ఆ కేసు అప్పీళ్ళకు వెళ్ళింది. ఇంజిన్ అరిగే వయసుకు ఎలాగూ వారంటీ తీరిపోయి ఉంటుంది కాబట్టి మనకు అసలు ఉపయోగం విడిభాగాలు బయట దొరకడమే.

చివరగా నీళ్ళ సంగతి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలుకట్ట కోసుకుపోయినప్పుడు ఎన్నో బండ్లు మునిగాయి. మునిగిన బండిని స్టార్ట్ చేయకండి. నీళ్ళు సిలిండర్లలోకి వెళ్ళి కనెక్టింగ్ రాడ్లు వంగితే, బీమా కంపెనీ దాన్ని వరద నష్టం అనదు, మీ నిర్లక్ష్యం వల్ల వచ్చిన పర్యవసాన నష్టమంటుంది. 'ఇంజిన్ ప్రొటెక్ట్' అనే అదనపు కవర్ తీసుకున్నవాళ్ళకు చాలావరకు ఈ ఇబ్బంది తప్పుతుంది. అది లేకపోయినా బండిని అక్కడే ఫోటో తీసి, వెంటనే కంపెనీకి తెలిపి, సర్వేయర్ చూడకముందు ఇంజిన్ విప్పనివ్వకండి. మామూలు అరుగుదలకు ఏ పాలసీ డబ్బివ్వదు, కాబట్టి రిపోర్టులో కారణం 'నీళ్ళు' అని ఉందో 'అరుగుదల' అని ఉందో చదువుకోండి. క్లెయిమ్ ఒప్పుకున్నా బండి వయసు ఐదేళ్ళు దాటితే లోహపు పార్టుల విలువలో 40 శాతం, పదేళ్ళు దాటితే 50 శాతం తరుగుదల కింద కోస్తారు. తిరస్కరిస్తే కంపెనీకే ముందు ఫిర్యాదు చేసి, నెలలో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి, ఫీజు లేదు.

వరద బాధితులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌లోనే ఉంది. నెల్లూరు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్ళేటప్పుడు ఆర్సీ, పాలసీ, జాబ్ కార్డు, ఫోటోలు వెంట తీసుకెళ్ళండి.