చదును పడవయా, కోణపు పడవయా?

చేపల చెరువులు గల సభ్యులు కొందరు, మేత వేయుటకును చేపలు పట్టుటకును ఉమ్మడిగా నొక చిన్న అల్యూమినియము పడవను కొనదలచి, తమకు చూపబడిన రెండింటిలో నేది మేలని యడుగుచున్నారు. రెండును పదునాలుగు అడుగుల పొడవును, పైయంచువద్ద నాలుగు అడుగుల వెడల్పును గలవి. ఒకదాని క్రిందిభాగము పీటవలె చదునుగా నున్నది. రెండవదాని క్రిందిభాగము నడుమ కోణము దేలి, నాగటి కర్రువలె నీటిలోనికి దిగుచున్నది. వెలలో భేదము స్వల్పము. చూపులకు రెండవదియే అసలైన పడవవలె నున్నదని పలువు రభిప్రాయపడిరట. ఆ మాట నిజమే గాని, ఈ రెండు రూపములును వేర్వేరు నీళ్ల కొరకు ఏర్పడినవి. తన నీటి నెరుగక పడవను ఎంచుకొనుట, నేల నెరుగక విత్తనము కొనుటవంటిదే.

అల్యూమినియము పడవలు మన చెరువులపై అరుదు. అమెరికా, కెనడా దేశములలో మాత్రము సర్వసామాన్యములు. 1886వ సంవత్సరమున విద్యుచ్ఛక్తిచే ఈ లోహమును తీయు విధానము కనుగొనబడిన పిమ్మట దీని వెల తగ్గెను. రెండవ ప్రపంచ యుద్ధము ముగియు కాలమున, విమానములకై రేకులు కొట్టుచుండిన గ్రమ్మన్ వంటి కర్మాగారములు అదే పనితనముతో పడవలను చేయ నారంభించెను. ఇనుముకంటె దాదాపు మూడవ వంతు బరువే యగుటచే ఇద్దరు మనుష్యులు గట్టు దాటించి మరియొక చెరువునకు మోసికొని పోగలరు. మన వారికి ఈ పడవపై మోజు కలుగుటకు ముఖ్యకారణ మిదియే. ఆ దేశమునందును, లోతు లేని దక్షిణపు ఏళ్లలోను మడుగులలోను చదును పడవను, గాలికి అలలు లేచు ఉత్తరపు పెద్ద సరస్సులపై కోణపు పడవను విశేషముగా వాడుదురు. మన పూర్వులును ఇట్టి యెంపికయే చేసికొనిరి. కొల్లేటిలో తాటిమ్రానును తొలిచిన దోనె తిరిగెను. కృష్ణపై గుండ్రని పుట్టి తిరిగెను. రెంటికిని అడుగున కోణము లేదు. లోతులేని నీటను, రాళ్లు పైకి దేలిన నీటను కోణముతో పని యుండదని వా రెరుగుదురు.

ఇపుడు లెక్కకు వత్తము. ఘనపుటడుగు నీటి బరువు రమారమి 28 కిలోలు. పదునాలుగు అడుగుల పడవలో పండ్రెండు అడుగుల నిడివి, మూడడుగుల వెడల్పు నీటిని తాకు ననుకొందము. అనగా 36 చదరపుటడుగులు. చదును పడవ ఒక్క అంగుళము దిగిన మూడు ఘనపుటడుగుల నీరు తొలగును. కావున ప్రతి అంగుళమునకు 85 కిలోల బరువును మోయును. పడవ 80 కిలోలు, ఇద్దరు మనుష్యులు 120 కిలోలు, రెండు మేతబస్తాలు 100 కిలోలు, వెరసి 300 కిలోలు. చదును పడవ మూడున్నర అంగుళములు మునుగును. ఆరంగుళముల కోణము గల రెండవ పడవయో, ఆ కోణము నిండుటకే 255 కిలోలు పట్టును. మిగిలిన బరువుతో ఆరున్నర అంగుళములు మునుగును. అయిదారు అడుగుల నీరున్న చెరువు నడుమ ఈ మూడంగుళముల భేద మొక లెక్కలోనిది కాదు. గట్టువద్ద వాలున ఆనునపుడును, వేసవిలో నీరు తగ్గినపుడును, పట్టుబడికై చెరువు తీసినపుడును ఇదియే పడవ ఒరయుటకును ఒరయకుండుటకును కారణమగును. బురదలో దిగిన కోణమును లాగుట ఎంత పనియో లాగినవారే చెప్పవలెను.

బరువు మాట వచ్చినది గనుక మరియొకటి. ఇరువది అడుగులకు లోబడిన పడవలకు అమెరికా వారు వాడు మోటులెక్క యొకటి కలదు. పొడవును వెడల్పును అడుగులలో గుణించి పదునైదుచే భాగింపగా వచ్చునది, నిమ్మళమైన నీటిలో ఎక్కదగిన మనుష్యుల సంఖ్య. మన పడవకు 56ను 15చే భాగింపగా మూడున్నరకు పైచిలుకు వచ్చును, అనగా ముగ్గురు. ఇద్దరు మనుష్యులు, రెండు బస్తాలు దీనికి సరి. నాలుగైదు బస్తాలు ఒక్కమారే వేసికొని పోవు అలవాటు ఈ రెంటిలో ఏ పడవపైనను పనికిరాదు. రెండుమారులు తిరుగుటయే క్షేమము.

నిలుకడ సంగతి ఇంకను ముఖ్యము. తవుడును చెక్కయు నింపి చిల్లులు పెట్టిన సంచులను మన చెరువులలో వరుసగా పాతిన గడలకు కట్టుదుము. ఆ పని చేయువాడు కూర్చుండడు. పడవ యంచున నిలిచి, ఒక చేత గడను పట్టి, రెండవ చేత సంచిని దింపును. చదును పడవ అట్టి ప్రక్కబరువునకు తక్షణమే ఎదురునిలుచును. కోణపు పడవ మొదట ఒరిగి, పిదప నిలద్రొక్కుకొనును. అలవాటు లేనివానికి ఆ మొదటి ఒరుగుడే చాలును. ఈత రాని కూలీలను ఈ పనిపై పంపు రైతులు కలరు గనుక ఇది సొగసుకు, వెలకు మించిన విషయము. ఏ పడవ కొన్నను రెండు లైఫ్ జాకెట్లు దాని వెలలోనే చేర్చి కొనవలయును. అవి కొట్టులో వ్రేలాడక పనివాని మేనిపై నుండవలయును.

అట్లని కోణపు పడవ చెడ్డదని మా యభిప్రాయము కాదు. నాగార్జునసాగరము, శ్రీశైలము వంటి జలాశయములపై గాలి తిరిగినపుడు అలలు లేచును. అచ్చట చదును పడవ ముందుకొస, సముద్రతీరపు జాలరులు అణియ మనునది, ప్రతి అలపైనను చరచుకొనును. ప్రక్కలు తక్కువ యగుటచే నీరు లోపలికి చిందును. కోణపు పడవ అలను చీల్చుకొని పోవును. ఇంజను బిగించి వేగముగ పోవునపుడు ఈ గుణము పూర్తిగా తెలియును. జలాశయములో పట్టుకొను మత్స్యకారుల సంఘము కోణపు పడవనే కొనవలయును. చెరువులో గడతో త్రోయు మనకు ఇంజనే లేదు. 'రెండు నీళ్లకును ఒక్క పడవయే చాలు' నని అమ్ముడువారు చెప్పు మాటను మేము నమ్మము. కావున ఈ సభ్యులకు చదును పడవయే తగినది.

రూపము తేలినను లోహము సంగతి మిగిలియున్నది. మన చెరువులలో అల్యూమినియమునకు శత్రువులు మూడు, మూడును మనము చేతులార వేయునవే. మొదటిది సున్నము. ఈ లోహమును కాపాడునది దానిపై తనంత నేర్పడు అతిసన్నని పొర. తడిసిన సున్నము ఆ పొరను కరిగించి లోహమును తినివేయును. తడిసిన బూడిదయు అట్టిదే. చెరువునకు సున్నము చల్లుటకు ఈ పడవను వాడక తప్పనిచో, బస్తాలను తొట్టెలలో నుంచి, పని ముగిసిన గంటలోనే మంచినీటితో కడుగవలయును. రెండవది నాచును చంపుటకు వేయు మైలుతుత్తము. అందలి రాగి రేకుపై చిన్నచిన్న చుక్కలుగా పేరుకొని, ఆ చుక్కల చుట్టును గుంటలు పడును. ఇత్తడి మరలు, రాగి కలిసిన రంగులు చేయు కీడును ఇదే జాతిది. మూడవది ఉప్పు. ఉప్పునీటి రొయ్యల చెరువులో తిరిగిన పడవను ఏ దినమున కాదినము కడుగవలెను. ఎండకు కాలకుండుటకై లోపల గోనెలు పరచువారు వాటిని తడిగా వదలరాదు; గోనె క్రింద ఆరని చెమ్మయే గుంటలకు మొదలు.

రేకు మందము, అతుకు అనునవి తరువాతి విచారములు. చిన్న పడవలకు ఒకటింపావు మొదలు మూడు మిల్లీమీటర్ల వరకు రేకు వాడుదురు. వంటపాత్రల మెత్తని రేకు పనికిరాదు. మెగ్నీషియము కలిసిన 5052 వంటి మిశ్రలోహము కావలెను. రివెట్లు కొట్టిన పడవ తేలిక, అయితే ఏండ్లు గడచిన కొలది రివెట్లు వదులై నీరు ఊరును. వెల్డింగు పడవ నీరు పట్టదు, బరువెక్కువ. కాని పగిలినచో ఆర్గాన్ వాయువుతో అతుకు నేర్పుగలవాడు కావలయును. ట్రాక్టరు నాగళ్లు అతుకు మన యూరి దుకాణమున ఆ పని జరుగదు. వదులైన రివెట్టును ఒకడు లోపల సుత్తితో, ఒకడు వెలుపల దిమ్మతో బిగింపవచ్చును. పాత్రలు చేయు కంచరి చేయగల పని యిది. పట్టణమునకు దూరముగా నున్నవారు రివెట్ల పడవనే తీసికొనుట మేలని తోచుచున్నది.

ఏరేటర్లు ఉన్న చెరువులో మరియొక జాగ్రత్త కలదు. ఈ పడవ విద్యుత్తును ప్రసరింపజేయును, కొయ్య అట్లు చేయదు. తీగ తెగియో, పైతొడుగు చెడియో యున్నచో ముట్టుకొన్న క్షణముననే ప్రాణాపాయము. పడవ దిగుటకు ముందు గట్టుమీద స్విచ్చి కట్టివేసి, దానివద్ద నొకని నిలుపవలయును.

సొమ్ము చెల్లించుటకు ముందు రెండు పరీక్షలు చేయుడు. పడవను నడుములోతు నీటిలో నుంచి ఒకనిని ఒక ప్రక్క యంచున నిలువబెట్టి ఎంత యొరుగునో చూడుడు. పిదప బిందెలతో నిండ నీరు పోయుడు. రేకు నీటిలో మునుగు వస్తువు. నిండిన పడవ తేలుట బల్లల క్రింద దట్టించిన నురుగుదిమ్మల వలననే. అంచులు నీటిపై నిలిచి, ఇద్దరు పట్టుకొని వ్రేలాడినను దిగకుండవలెను. దిగినచో, ఎంత తక్కువ వెల కిచ్చినను ఆ పడవను విడిచి రావలసినదే. కొన్న పిదప వాడని దినములలో బోర్లించి కొయ్యదిమ్మలపై నుంచుడు. గొలుసును తాళమును మరువకుడు. కరిగించి అమ్ముకొన దగిన సరకు గనుక, ఇది కొయ్యదోనెవలె గట్టున కావలి లేక పడియుండదు.