బాల సుల్తానులు – బిరుదుల వెనుక కథ

పోటీ పరీక్షలకు చదివేటప్పుడు మనమంతా బిరుదులను బిట్లుగా బట్టీ పడతాం. 'మాలిక్-ఉత్-తుజ్జార్ ఎవరి బిరుదు?' అంటే 'మహమూద్ గవాన్' అని టిక్కు పెట్టి ముందుకు పోతాం. మేమూ అలాగే చదివాం. పి.జి.లో చేరాకే ఆ బిట్టు వెనుక తండ్రిలేని పిల్లల కథ ఉందని తెలిసింది.

1461లో బహమనీ సుల్తాను హుమాయూన్ షా మరణించాడు. కుమారుడు నిజాం షాకు అప్పటికి 8 ఏళ్ళు. పాలన కోసం ముగ్గురితో సంరక్షక మండలి ఏర్పడింది. వారు రాజమాత మఖ్దూమా-ఎ-జహాన్, ఖ్వాజా జహాన్ తుర్క్, మహమూద్ గవాన్. 'మాలిక్-ఉత్-తుజ్జార్' అంటే వర్తకులలో రాజు. గవాన్ ఇరాన్ నుండి వచ్చిన వర్తకుడు.

కపిలేంద్ర గజపతి, మాళవ సుల్తాను దండెత్తినా ఈ మండలి రాజ్యాన్ని నిలబెట్టింది. 1463లో నిజాం షా మరణించగా తమ్ముడు మూడవ మహమ్మద్ షా గద్దెనెక్కాడు. అతడూ బాలుడే. తుర్క్ అధికారమంతా తన గుప్పిట్లోకి తీసుకోబోయాడు. రాజమాత అతన్ని అంతం చేయించింది. తర్వాత 'ఖ్వాజా-ఎ-జహాన్' బిరుదు గవాన్‌కు దక్కింది.

గవాన్ సింహాసనానికి ఆశపడలేదు. 1472లో బీదరులో మదరసా కట్టించాడు. అందులో విద్యార్థులకు వసతి గదులు కూడా ఉన్నాయి. అంటే అదీ ఒక హాస్టలే! నాలుగు రాష్ట్రాలను ఎనిమిది చేసి సర్దారుల బలం తగ్గించాడు. తెలంగాణ రాష్ట్రం అలాగే వరంగల్, రాజమండ్రిగా విడిపోయింది. కోపగించిన సర్దారులు అతని ముద్రతో గజపతికి దొంగ లేఖ సృష్టించారు. సుల్తాను విచారించకుండానే 1481 ఏప్రిల్ 5న కొండపల్లిలో గవాన్‌ను చంపించాడు. తాను చిన్నప్పటి నుండి ఎవరి నీడలో పెరిగాడో ఆయననే!

మరుసటి ఏడే సుల్తానూ పోయాడు. 12 ఏళ్ళ మహమూద్ షాకు సంరక్షకుడైనవాడు గవాన్‌పై కుట్ర చేసిన మాలిక్ హసన్. అతని బిరుదు నిజాం-ఉల్-ముల్క్. అతని కొడుకు అహ్మద్‌నగర్‌లో నిజాం షాహీ వంశం స్థాపించాడు. కుతుబ్-ఉల్-ముల్క్ బిరుదు పొందిన సుల్తాన్ కులీతో గోల్కొండ కుతుబ్ షాహీలు మొదలయ్యారు. ఆ విధంగా కొలువులో ఇచ్చిన బిరుదులే వంశాల పేర్లయ్యాయి. బహమనీ రాజ్యం ఐదు ముక్కలైంది.

హాస్టల్ దరఖాస్తులో 'సంరక్షకుడు' అనే గడి ఉంటుంది. మాలో చాలామంది నాన్నలు అక్కడ వేలిముద్రే వేశారు. వారికి ఏ బిరుదూ లేదు. అయినా మన సొత్తుకు ఆశపడలేదు, మన చదువును కాపాడారు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! బిట్లు చదవండి, కానీ వాటి వెనుక పాఠం కూడా చదవండి.