సుడులను లెక్కించు ప్రవాహమాపకము: దాని దోషములు, సంరక్షణ

వరదకాలమున గోదావరి జలము రాజమహేంద్రవరము వద్ద వంతెన స్తంభములను ఒరసికొని పోవునపుడు స్తంభముల వెనుక సుడులు పుట్టుచుండును. ఉర్దూలో గిర్దాబ్ అని పిలువబడునది ఈ సుడియే. ప్రవాహమునకు అడ్డముగ ఒక వస్తువు నిలిచినపుడు, దాని వెనుక ఒక సుడి కుడివైపున, మరియొకటి ఎడమవైపున వంతులవారీగ విడివడి సాగిపోవును. గాలికి తంతి తీగలు మ్రోగుటకు కూడ ఈ సుడులే కారణము. ఆ ధ్వనులను స్ట్రౌహాల్ అను చెక్ శాస్త్రజ్ఞుడు 1878లో ప్రయోగపూర్వకముగ పరిశీలించెను. 1911, 1912 సంవత్సరములలో థియొడర్ ఫాన్ కార్మన్ ఈ సుడుల వరుసలకు గణిత వివరణము నిచ్చెను. నేడు కర్మాగారములలో ఆవిరిని, నీటిని, వాయువులను కొలుచు వొర్టెక్స్ ఫ్లో మీటరు ఈ సూత్రముపైననే ఆధారపడి యున్నది.

పనిచేయు విధము

ఈ మీటరులో గొట్టమునకు అడ్డముగ ఒక కడ్డీ బిగింపబడి యుండును. దాని వెనుక విడివడు సుడుల ఒత్తిడిని ఒక సెన్సారు గ్రహించి విద్యుత్ సంకేతముగ మార్చును. సెకనుకు విడివడు సుడుల సంఖ్య ప్రవాహ వేగమునకు అనులోమముగను, కడ్డీ వెడల్పునకు విలోమముగను ఉండును. గుండ్రని కడ్డీకి స్ట్రౌహాల్ సంఖ్య సుమారు 0.2. కడ్డీ వెడల్పు 20 మిల్లీమీటర్లు, వేగము సెకనుకు 2 మీటర్లు అనుకొందము. 0.2ను 2చే గుణించి 0.02చే భాగించిన సెకనుకు 20 సుడులు వచ్చును. వేగము సగమైనచో సుడులు పది మాత్రమే.

ఇందులో తిరుగు భాగములు లేవు. కావున దీనికి సంరక్షణతో పనిలేదని కొందరు తలంతురు. తిరుగు భాగము లేని యంత్రమునకు అరుగుదల తక్కువే గాని, అది చూపు అంకెను అర్థము చేసికొనవలసిన బాధ్యత మాత్రము తగ్గదు.

సున్నా చూపినపుడు

సుడుల సంఖ్య వేగముతోపాటు తగ్గును. కాని సుడి ఒత్తిడి వేగము యొక్క వర్గమును అనుసరించి తగ్గును. వేగము సగమైన ఒత్తిడి నాలుగవ వంతగును. వేగము నాలుగవ వంతైన ఒత్తిడి పదునారవ వంతు మాత్రమే మిగులును. అంత బలహీనమైన సంకేతమును మీటరు చుట్టుప్రక్కల అలజడి నుండి వేరుపరుపజాలదు. అందుచే ఒక కనిష్ఠ పరిమితికి దిగువనున్న ప్రవాహమును అది సున్నాగ చూపును. చిక్కని ద్రవములందు సుడులే సరిగ ఏర్పడవు. రేనాల్డ్స్ సంఖ్య 20,000కు తగ్గిన కొలత నిష్పత్తి చెడుట ప్రారంభించును. చక్కెర మిల్లులోని మొలాసిస్ వంటి పదార్థమునకు ఈ మీటరు తగదు.

విద్యార్థులు ఇచట ముఖ్యముగ గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. మీటరు సున్నా చూపినంత మాత్రమున గొట్టములో ప్రవాహము లేదని గాని, పీడనము లేదని గాని నిశ్చయింపరాదు. ఆ అంకెను నమ్మి ఆవిరి గొట్టపు ఫ్లాంజిని విప్పిన కార్మికుని ప్రాణమునకే ముప్పు వాటిల్లవచ్చును. వాల్వులను మూసి, తాళము వేసి, ఆవిరిని బయటికి విడిచి, ప్రెషరు గేజి చూచి, గొట్టము చల్లారిన పిదపనే విప్పవలెను.

ప్రవాహము లేకున్నను అంకె చూపినపుడు

దీనికి విరుద్ధమైన దోషము కూడ కలదు. పంపు ప్రకంపనములు గొట్టము వెంబడి వచ్చి సెన్సారును కదల్చిన, మీటరు వానిని సుడులుగ భ్రమించును. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు కలది. ఎర్తింగు సరిగ లేనిచో ఆ 50 ఆవృత్తులే సంకేతములో చొరబడును. పై ఉదాహరణములోని కడ్డీకి 50 సుడులనగ సెకనుకు 5 మీటర్ల వేగము. అనగ, కదలని నీటికి మీటరు పూర్తి వేగమును ఆపాదించును!

పరీక్ష సులభము. వాల్వు మూసి సంకేతపు ఆవృత్తులను చూడవలెను. అవి స్థిరముగ 50 వద్ద నిలిచిన, ఎర్తింగును, తీగలను శంకింపవలెను. సంకేతపు తీగలను మోటారు కేబుళ్ళకు దూరముగ వేరు మార్గమున వేయవలెను. పంపును ఆపగనే అంకె పోయిన, అది ప్రకంపన దోషము. మీటరుకు ఇరువైపుల గొట్టమునకు గట్టి ఆధారము లమర్చవలెను. సెన్సారు సూక్ష్మతను తగ్గించి అంకెను మాయము చేయుట కడపటి ఉపాయము మాత్రమే. ఏలయన దానితోపాటు నిజమైన స్వల్ప ప్రవాహము కూడ మరుగుపడును.

అంకె నిలుకడగ లేనపుడు

ముందుగ గొట్టమును పరిశీలింపవలెను. వంపులు, సగము తెరచిన వాల్వులు ప్రవాహమును మెలిపెట్టును. కావున మీటరుకు ముందు గొట్టపు వ్యాసమునకు కనీసము పది, ఇరువది రెట్లు, వాల్వు దగ్గర నున్నచో అంతకంటె ఎక్కువ, తరువాత ఐదు రెట్లు తిన్నని పొడవు ఉండవలెను. గాస్కెట్టు లోనికి పొడుచుకొని వచ్చినను కొలత చెడును. ద్రవమైనచో గొట్టము నిండుగ పారవలెను. నిలువు గొట్టములో క్రిందినుండి పైకి ప్రవహించుట శ్రేష్ఠము. కడ్డీపై మడ్డి పేరుకొన్నను, దాని అంచులు అరిగినను కడ్డీ రూపము మారి లెక్క తప్పును.

ఆవిరి విషయమున మరియొక మెలకువ అవసరము. ఈ మీటరు నేరుగ కొలుచునది ఘనపరిమాణమునే గాని బరువును గాదు. 10 బార్ల పరమ పీడనమున ఘనమీటరు సంతృప్త ఆవిరి బరువు సుమారు 5.15 కిలోలు, 8 బార్ల వద్ద సుమారు 4.16 కిలోలు. పీడనము తగ్గినను పాత సాంద్రతతోనే గుణించినచో, వాడిన ఆవిరి నిజమునకంటె దాదాపు నాలుగవ వంతు అధికముగ లెక్కకు వచ్చును. అట్టిచోట మీటరు నిర్దోషి. లెక్క వేసిన విధానమే దోషయుక్తము.

ముగింపు

కావున దోషమును వెదకుటలో ఒక క్రమమును పాటింపవలెను. మొదట ప్రవాహము నిజముగ ఉన్నదా అని చూడవలెను. తరువాత గొట్టమును, ఆపై తీగలను, ఎర్తింగును పరీక్షింపవలెను. చివరకే మీటరును విప్పవలెను. మీటరును అమర్చిన దినముననే వాల్వు మూసినపుడు, తెరచినపుడు వచ్చు అంకెలను పుస్తకములో వ్రాసియుంచిన, తరువాతి కాలమున దోషము సులభముగ పట్టుబడును. రేపు కర్మాగారములలో అడుగిడు మన విద్యార్థులు అంకెను చదువుటతో తృప్తి చెందక, ఆ అంకె ఎట్లు పుట్టినదో విచారించు అలవాటును ఇప్పుడే అలవరచుకొనవలెను. యంత్రమునకేగాక, దానివద్ద పనిచేయువారి ప్రాణమునకు కూడ అదియే రక్ష.