మచ్చ తుడిచే ముందు అది ఎక్కడిదో కనుక్కో

హైదరాబాద్

సాహితీ,

నువ్వు పంపిన సెంటారస్ ఏ ఫొటో పెద్ద స్క్రీన్ మీద వేసుకుని చూశాను. గెలాక్సీకి అడ్డంగా పోయే నల్లటి ధూళిపట్టీ చక్కగా వచ్చింది. నక్షత్రాలు నాలుగు మూలలా గుండ్రంగానే ఉన్నాయి. ఫోకస్‌కి, ట్రాకింగ్‌కి వంక పెట్టడానికి లేదు. బాధంతా వెలుతురుతోనే. ఫొటో మూలలు మధ్యభాగం కన్నా తెల్లబడ్డాయి. కుడివైపు కింద గారెల్లా రెండు వలయాలున్నాయి, అవీ చుట్టుపక్కల ఆకాశం కన్నా తెల్లగానే ఉన్నాయి. "బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్ రెండుసార్లు నడిపి తీసేయనా మామయ్యా?" అని అడిగావు. వద్దమ్మా. అది చివర్లో చేసే పని. ముందు ఆ తెలుపు ఏ ఫ్రేమ్‌లోంచి వచ్చిందో తేల్చు.

నువ్వు ఎంచుకున్న గెలాక్సీయే అలాంటిది మరి. దాదాపు కోటీ ఇరవై లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ గెలాక్సీ చుట్టూ చాలా దూరం దాకా మసక వెలుతురు పరుచుకుని ఉంటుంది. అందులో పొరలు పొరలుగా చాపాలున్నాయని 1983లో డేవిడ్ మాలిన్, ఆయన సహచరులు ఫొటో ప్లేట్ల నుంచే తేల్చి చూపించారు. ఎప్పుడో మరో గెలాక్సీని తనలో కలుపుకున్న ఆనవాళ్లవి. ఆ వెలుతురు ఎంత పలచనో, నీ మూలల్లో ఉన్న తప్పు కూడా ఇంచుమించు అంత పలచనే. ఏది గెలాక్సీదో ఏది కెమెరాదో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, రెండింటినీ కలిపి ఊడ్చేస్తుంది. మన హైదరాబాద్ నుంచి చూస్తే ఈ గెలాక్సీ దక్షిణాన 30 డిగ్రీల ఎత్తు కూడా దాటదు. నువ్వు అద్దెకు వాడుకుంటున్న రిమోట్ టెలిస్కోప్ ఉన్న చిలీలోని రియో ఉర్తాదో లోయలో నడినెత్తికి దగ్గరగా వస్తుంది. అంత మంచి ఆకాశానికి గంటల లెక్కన డబ్బు కట్టి, తెచ్చుకున్నది చేతులారా పారబోసుకోవడం ఎందుకు?

టెలిస్కోప్ ఇంటి డాబా మీదుంటే మూత పెట్టి డార్క్‌లు తీసుకోవచ్చు, అద్దం మీద దుమ్ము ఉందేమో చూడవచ్చు. నీకు ఆ వీలు లేదు. డార్క్‌లూ, సమానంగా వెలిగే తెరనో ఆకాశాన్నో తీసిన ఫ్లాట్‌లూ అబ్జర్వేటరీ వాళ్లు తీసి లైబ్రరీలో పెడతారు, నువ్వు దించుకుంటావు. కాబట్టి నీ చేతిలో ఉన్నవి రెండే: ఫైల్ హెడర్ (ఫ్రేమ్‌ను ఏ సెట్టింగులతో తీశారో రాసి ఉండే భాగం), లెక్క. ఆ రెండూ చాలు.

లెక్క చిన్నదే. లైట్‌లోంచి, అంటే నువ్వు తీసిన ఆకాశం ఫ్రేమ్‌లోంచి, డార్క్ తీసెయ్, మిగిలినదాన్ని ఫ్లాట్‌తో భాగించు. ఆ ఫ్లాట్‌లోంచి కూడా ముందే దాని బయాస్ (దాదాపు సున్నా ఎక్స్‌పోజర్‌తో తీసిన ఫ్రేమ్) గానీ ఫ్లాట్-డార్క్ (ఫ్లాట్ ఎక్స్‌పోజర్‌తోనే తీసిన డార్క్) గానీ తీసి ఉండాలి. తీసివేత ముందు, భాగహారం తరువాత. తీసివేతలో మిగిలిపోయిన ప్రతి అంకె భాగహారంలో ఆకారం మార్చుకుని బయటపడుతుంది. నోటితో చెబితే తలకెక్కదు, అంకెలతో చూడు.

మధ్యలో ఆకాశం 1000 ఉందనుకో. మూలలో వెలుతురు 70 శాతమే పడుతుంది కాబట్టి అక్కడ 700. దీని మీద కెమెరా తన వంతుగా 500 ఆఫ్‌సెట్ కలుపుతుంది. అంటే ఫైల్‌లో 1500, 1200 ఉంటాయి. డార్క్ సరిగ్గా సరిపోతే 500 పోయి 1000, 700 మిగులుతాయి. 700ను 0.7తో భాగిస్తే 1000. మూలా మధ్యా సమానం.

ఇప్పుడు నీ డార్క్ వేరే ఆఫ్‌సెట్‌తో తీసిందై, 500కు బదులు 400 మాత్రమే తీసేసిందనుకో. మధ్యలో 1100, మూలలో 800 మిగిలాయి. 800ను 0.7తో భాగిస్తే 1143. మూల 43 ఎక్కువైంది, తెల్లబడింది. వలయం అంటే దుమ్ము నీడ, అదీ వెలుతురు తగ్గిన చోటే కాబట్టి అదీ తెల్లబడుతుంది. నీ ఫొటోలో కనిపిస్తున్నది అచ్చంగా ఇదే లక్షణం.

దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. ఫ్లాట్ మధ్యలో 25,000, మూలలో 17,500 ఉండి, దాని మీది 500 తీయకుండా వదిలేస్తే అవి 25,500, 18,000 అవుతాయి. నిష్పత్తి 0.7 కాదు, 0.706. మూలలో 1000కి బదులు 992 వస్తుంది. ఎనిమిదే కదా అనకు, గెలాక్సీ అంచున మసక వెలుతురు కూడా అంతే ఉండొచ్చు. ఈ సందర్భంలో మూలలు, వలయాలు నల్లగా మిగులుతాయి. కాబట్టి గుర్తుపెట్టుకో: తెల్ల వలయమైతే ముందు లైట్‌నూ డార్క్‌నూ అనుమానించు, నల్ల వలయమైతే ముందు ఫ్లాట్‌ను అనుమానించు. వలయానికి ఒకవైపు తెలుపు, మరోవైపు నలుపు ఉండి చెక్కినట్టు కనిపిస్తే, ఫ్లాట్ తీసినప్పటికీ ఫొటో తీసినప్పటికీ మధ్య ఏదో కదిలింది. దుమ్మే జరిగిందో, రొటేటర్ కోణం మారిందో, ఫిల్టర్ వీల్ మళ్లీ అదే చోట ఆగలేదో చూడాలి.

తెల్ల మూలలకు రిమోట్ టెలిస్కోప్‌ల దగ్గర తరచుగా ఎదురయ్యే కారణం ఇంకొకటుంది. చాలాచోట్ల రా ఫైల్‌తో పాటు కాలిబ్రేట్ చేసిన ఫైల్ కూడా ఇస్తారు. పేర్లు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. కాలిబ్రేట్ చేసినదాన్నే దించుకుని మళ్లీ ఫ్లాట్ వేస్తే మూలలు రెండోసారి పైకి లేస్తాయి, 1000 కాస్తా 1429 అవుతుంది. మాక్సిమ్ డీఎల్‌తో నడిచే చోట్ల హెడర్‌లో కాల్‌స్టాట్ అనే వరుస ఉంటుంది. దాని ఎదురుగా బీ, డీ, ఎఫ్ అక్షరాలుంటే బయాస్, డార్క్, ఫ్లాట్ మూడూ అయిపోయినట్టే. ముట్టుకోకు.

ఈ రెండు కారణాలనూ విడదీయడానికి ఒక చిట్కా చెబుతాను. నువ్వు తీసిన ఎల్ ఫిల్టర్ (అన్ని రంగులనూ రానిచ్చేది) ఫ్రేమ్‌నూ హెచ్-ఆల్ఫా (సన్నని ఎరుపు పట్టీనే రానిచ్చేది) ఫ్రేమ్‌నూ పక్కపక్కన పెట్టు. ఆఫ్‌సెట్ తేడా అయితే ఎల్‌లో మూల 1100 మీద 43, అంటే 4 శాతం ఎక్కువ. హెచ్-ఆల్ఫాలో ఆకాశం 50 మాత్రమే ఉంటే మధ్యలో 150 మీద అదే 43, అంటే దాదాపు 29 శాతం. తక్కువ వెలుతురు వచ్చే ఫిల్టర్‌లో తప్పు బాగా పెరిగిందంటే అది తీసివేతలో తప్పు. ఫ్లాట్ రెండుసార్లు పడితే ఏ ఫిల్టర్‌లోనైనా శాతం ఒకటే ఉంటుంది. పది నిమిషాల పని, అనుమానం సగానికి తగ్గుతుంది.

ఇక హెడర్లు. ఒక లైట్, ఒక డార్క్, ఒక ఫ్లాట్ తెరిచి పక్కపక్కన చదువు. లైట్‌కూ డార్క్‌కూ ఎక్స్‌పోజర్, గెయిన్, ఆఫ్‌సెట్, బిన్నింగ్, రీడౌట్ మోడ్, ఉష్ణోగ్రత అన్నీ కలవాలి. ఉష్ణోగ్రత దగ్గర రెండు వరుసలుంటాయి: మనం కోరినది, నిజంగా ఉన్నది. మనం −10 అడిగినా వేసవి రాత్రి కూలర్ అందుకోలేక −6 దగ్గర ఆగిపోవచ్చు. సెన్సర్ సుమారు 6 డిగ్రీలు వేడెక్కితే డార్క్ కరెంట్ రెట్టింపవుతుంది. అప్పుడు హాట్ పిక్సెళ్లు సరిగ్గా పోక ఫొటో నిండా ఉప్పుగళ్లలా మిగులుతాయి. లైట్‌కూ ఫ్లాట్‌కూ కలవాల్సినవి ఫిల్టర్, బిన్నింగ్, రొటేటర్ కోణం. తేదీ కూడా చూడు. ఆ మధ్యలో కెమెరా విప్పి బిగించారంటే పాత ఫ్లాట్‌కు విలువ లేదు. డార్క్ అన్నివిధాలా కలిసినప్పుడు సాఫ్ట్‌వేర్‌లో డార్క్ ఆప్టిమైజ్ టిక్ తీసెయ్. కలిసినదాన్ని మళ్లీ హెచ్చించడం వల్ల లాభం లేదు, నష్టమే.

దుమ్ము ఎక్కడుందో కూడా ఇంట్లో కూర్చునే చెప్పొచ్చు. వలయం వ్యాసం ఎన్ని పిక్సెళ్లో కొలిచి, పిక్సెల్ సైజుతో, టెలిస్కోప్ ఎఫ్-నిష్పత్తితో గుణించు. నీ కెమెరా పిక్సెల్ 3.76 మైక్రాన్లు, టెలిస్కోప్ ఎఫ్/6.8. వలయం 100 పిక్సెళ్లుంటే దుమ్ము సెన్సర్‌కు రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తులో, అంటే సెన్సర్ అద్దం మీదో దాని దగ్గరో ఉన్నట్టు. 900 పిక్సెళ్లుంటే 23 మిల్లీమీటర్లు, అది ఫిల్టర్ మీద దుమ్ము కావచ్చు. ఒక్క ఫిల్టర్‌లోనే కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

ఆకాశం తప్పా, కెమెరా తప్పా అన్న సందేహం వస్తే మెరిడియన్ ఫ్లిప్‌ను వాడుకో. గెలాక్సీ మధ్యరేఖ దాటాక టెలిస్కోప్ అటు తిరుగుతుంది, చిత్రం 180 డిగ్రీలు తలకిందులవుతుంది. ఫ్లిప్‌కు ముందువి ఒక స్టాక్, తరువాతవి ఒక స్టాక్ చెయ్. గెలాక్సీతో పాటు తిరిగినది ఆకాశానిది. సెన్సర్‌లో అదే మూలన నిలిచిపోయినది కెమెరాది, లేదా ఫ్లాట్‌ది. చంద్రకాంతి తెచ్చే వాలు ఈ రెండింటికీ చెందక రాత్రితో పాటు మారుతుంటుంది. బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్ ఉన్నది దాని కోసమే.

తప్పు లైబ్రరీదే అని తేలితే అబ్జర్వేటరీ వాళ్లకు రాయి. "ఫ్లాట్‌లు బాగాలేవు" అని రాస్తే వాళ్లకు ఏమీ అర్థం కాదు. ఏ తేదీ లైట్, లైబ్రరీలోని ఏ డార్క్ లేదా ఫ్లాట్, హెడర్‌లో ఏ వరుస కలవలేదు, ఫొటోలో వలయం ఏ చోట, ఇవి నాలుగు వాక్యాల్లో రాసి ఒక్క రా ఫ్రేమ్ జత చెయ్. మర్యాదగా, వివరంగా రాసినవాళ్ల పని ముందు అవుతుంది.

ఇదంతా చాదస్తమనుకుంటావేమో. 2022లో యాన్ సెంటీ, మార్సెల్ డ్రెక్స్‌లర్, గ్జేవియర్ స్ట్రాట్నర్ అనే ఔత్సాహికులకు ఆండ్రోమెడా గెలాక్సీ పక్కన ఆక్సిజన్ కాంతితో వెలిగే పెద్ద చాపం ఒకటి కనబడింది. అంతగా ఫొటోలు తీసిన గెలాక్సీ పక్కన అన్నాళ్లూ ఎవరి కంటా పడని చాపం అది. మొదట రావాల్సిన అనుమానం కెమెరా మీదే. వేరే టెలిస్కోప్‌లతో, వేరే కెమెరాలతో కూడా అదే కనబడ్డాకే 2023లో ప్రకటించారు. తమ ఫ్రేమ్‌ల మీద నమ్మకం లేనివాళ్లు ఆ చాపాన్ని వెలుతురు వాలు అనుకుని తుడిచేసేవారు.

మన బేగంపేట నిజామియా అబ్జర్వేటరీ పని కూడా నీకు తెలియాలి. ప్రపంచ నక్షత్ర పటం కోసం దేశాలు ఆకాశాన్ని పంచుకున్నప్పుడు −17 నుంచి −23 డిగ్రీల పట్టీ మొదట చిలీలోని సాంటియాగోకు వెళ్లి, తరువాత హైదరాబాద్‌కు వచ్చింది. ఆ పటానికి తీసే ప్లేట్ల మీద నక్షత్రాలతో పాటు 5 మిల్లీమీటర్ల గళ్ల జాలాన్ని కూడా అచ్చు వేసేవారు. కడిగి ఆరబెట్టేటప్పుడు పూత సాగినా ముడుచుకున్నా ఆ గళ్లే పట్టిచ్చేవి. ఆకాశాన్ని కొలిచే ముందు ప్లేటును కొలిచేవాళ్లు. నీ డార్క్‌లూ ఫ్లాట్‌లూ చేసే పని కూడా అదే.

కాబట్టి ఈ వారం స్టాకింగ్ జోలికి పోకు. ఒక్క లైట్ ఫ్రేమ్ తీసుకుని సిరిల్ లేదా పిక్స్‌ఇన్‌సైట్ సాఫ్ట్‌వేర్‌లో నాలుగు రకాలుగా నడుపు: ఊరికే రా ఫైల్, డార్క్ మాత్రమే, ఫ్లాట్ మాత్రమే, రెండూ కలిపి. ఒక్కోసారి ఒక్కటే మార్చు. ప్రతిదానిలో మధ్య, మూల, వలయం దగ్గర మీడియన్ అంకెలు రాసుకో. ఆ పన్నెండు అంకెలూ మూడు హెడర్లూ నాకు పంపు. నా అనుమానం డార్క్ ఆఫ్‌సెట్ మీదే ఉంది, కానీ నా మాట నమ్మొద్దు, అంకెలు ఏమంటాయో చూద్దాం.

అమ్మా నాన్నలను అడిగానని చెప్పు.

మీ మామయ్య