రక్తపుపోటు మందులు – నొప్పుల గోలీలు

మానేరుకు ఆవల సిరిసిల్లలోను, ఈవల తంగళ్ళపల్లిలోను మరమగ్గముల పనివారు దినమునకు 12 గంటలు నిలుచుండి పనిచేయుట కలదు. స్త్రీలు బీడీలు చుట్టుచు గంటల తరబడి కూర్చుందురు. నడుము, మోకాళ్ళు నొచ్చినప్పుడు దుకాణములో ఒక గోలీ కొని వేసికొందురు. వీరిలో రక్తపుపోటుకు దినమును మందు మింగువారును కలరు. ఈ రెండును కలసినచో నేమగునో పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసియున్నది.

డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ వంటి గోలీలు శరీరములో ప్రోస్టాగ్లాండిన్లను పదార్థములను తగ్గించును. నొప్పి తగ్గుట అందువలననే. కాని మూత్రపిండములకు రక్తము ప్రసరించుటకు, అదనపు ఉప్పు బయటికి పోవుటకు తోడ్పడునవియు నవే. అవి తగ్గగా ఉప్పు, నీరు ఒంట నిలుచును, పోటు పెరుగును. రోగి మందు తప్పక మింగుచున్నను గుణము కనబడదు. అంతట మోతాదు హెచ్చింతురు. నొప్పుల గోలీ సంగతి ఎవరును అడుగరు!

అమ్లోడిపిన్ ఒక్కటే వాడువారికి ఈ చిక్కు కొంత తక్కువ. ఎనలాప్రిల్ లేక టెల్మిసార్టాన్‌తోపాటు, మూత్రము హెచ్చుగా పోవుటకిచ్చు క్లోర్తాలిడోన్ వంటి మందును వాడుచు, పైన నొప్పుల గోలీ వేసికొన్నచో, మూడును కలసి మూత్రపిండములను హఠాత్తుగా దెబ్బతీయవచ్చును. వృద్ధులకును, ఎండదెబ్బ, వాంతులు, విరేచనములచే ఒంట నీరు తగ్గినవారికిని అపాయము మరింత హెచ్చు. మూత్రము తగ్గినను, కాళ్ళు వాచినను వెంటనే ఆసుపత్రికి పంపవలెను.

చెట్టుమందు హాని చేయదనుటయు సరికాదు. దగ్గునకు నమలు అతిమధురము బహుకాలము వాడినచో పోటును పెంచును.

ఇది విని భయపడి రక్తపుపోటు మందు మానరాదు. గుండెకై డాక్టరు వ్రాసిన 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌ను మానరాదు. నొప్పికి పారాసిటమాల్ తగు మోతాదులో సాధారణముగా మేలు. అదియు దినమును వాడవలసివచ్చినచో డాక్టరు నడుగవలెను.

2017లో ఆరంభమైన భారత రక్తపుపోటు నియంత్రణ కార్యక్రమమున తెలంగాణ మొదటి ఐదు రాష్ట్రములలో నొకటి. ఉపకేంద్రమున మందులిచ్చునప్పుడు “నొప్పులకు ఏ గోలీ వేసుకుంటున్నవు అవ్వా?” అని తప్పక అడుగునట్లు సభ్యులు చూడవచ్చును. డైక్లోఫెనాక్ గోలీలను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదను నిబంధనను దుకాణదారులకు తెలుపవచ్చును. గోలీల పేర్లు చాలమందికి గుర్తుండవు. వాడిన గోలీల ఖాళీ అట్టలను వెంట తెమ్మని చెప్పినచో సులభముగా తెలియును.