చక్రాల ఇంటి బ్యాటరీ – ఒక రాత్రి నేర్పిన పాఠం

వార్షికోత్సవ సంచికకు సైన్సు వ్యాసం ఒకటి రాయమన్నారు. నేను ఎలక్ట్రానిక్స్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మా ఇంట్లో కరెంటు బిల్లు మీది అంకెలు చదవడం నాతోనే మొదలైంది. అందుకని కరెంటు లెక్కనే ఎంచుకున్నాను.

అమెరికాలో ఆర్.వి. అనే బండి ఉంటుంది. లారీ అంత బండిలో మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అమర్చి ఉంటాయి. కుటుంబాలు దాన్ని అద్దెకు తీసుకుని ఊళ్లు చూడబోతాయి. కొన్ని విడిదుల్లో బండి పక్కనే కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం కలుపుకునే ఏర్పాటు ఉంటుంది. దాన్ని హుకప్ అంటారు. చాలాచోట్ల అది ఉండదు. అరిజోనా రాష్ట్రంలో గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున ఉన్న మేథర్ క్యాంప్‌గ్రౌండ్ అలాంటిదే. అక్కడ లైట్లు, నీళ్ల పంపు, ఫ్యాను అన్నీ 12 వోల్టుల బ్యాటరీల మీదే నడవాలి. ఇంజను స్టార్టు చేసే బ్యాటరీ వేరు, ఈ ఇంటి బ్యాటరీలు వేరు.

మన హాస్టల్లో పదో తరగతి చదివిన ఒక అన్న నిరుడు అక్టోబరులో అమ్మానాన్నలను అక్కడికి తీసుకెళ్లాడు. పేరు రాయొద్దన్నాడు. వాళ్ల నాన్నకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంది. రాత్రంతా సీప్యాప్ అనే మిషన్ ముఖానికి పెట్టుకుని పడుకోవాలి. రెండో రాత్రి మూడు గంటలకు ఆ మిషన్ ఆగిపోయింది. మనకు అప్పుడు మధ్యాహ్నం మూడున్నర. నేను ల్యాబులో ఉండగా ఫోన్ వచ్చింది. "సాయంత్రం గంటసేపు జనరేటర్ వేశాన్రా, మీటర్ 13.6 చూపించింది, నిండిందనే అనుకున్నా" అన్నాడు. గొంతు వణుకుతోంది. రాత్రిపూట అక్కడ జనరేటర్ వెయ్యనివ్వరు. హీటర్ ఆపేసి, దుప్పట్లు కప్పి, నాన్నగారిని తెల్లవారేదాకా కూర్చోబెట్టారు.

తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం. 13.6 అనేది చార్జర్ ఇస్తున్న వోల్టేజి, బ్యాటరీలో ఉన్న నిల్వ కాదు. బిందెలో నీళ్లు పోస్తుంటే పైన నురగ వస్తుంది కదా, దాన్ని చూసి బిందె నిండిందనుకున్నట్టే. చార్జింగు, వాడకం రెండూ ఆపి కొన్ని గంటలు ఊరుకోనిచ్చి కొలవాలి. అప్పుడు 12.6 నుంచి 12.7 వస్తే నిండినట్టు. 12.1 దగ్గర ఉంటే సగమే ఉన్నట్టు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే కిందికి దించితే దాని ఆయుష్షు తగ్గుతుంది.

ఇక లెక్క. ఆ బండిలో 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీలు రెండు. సగమే వాడాలి కాబట్టి చేతిలో ఉన్నది 100. ఆ చోటు సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉంటుంది, రాత్రి చలి గట్టిగానే ఉంటుంది. హీటర్ గ్యాస్‌తో వెలుగుతుంది గానీ వేడిని తోసే ఫ్యానుకు కరెంటు కావాలి. అది 7 ఆంపియర్ల చొప్పున మొత్తం ఆరు గంటలు తిరిగితే 42. సీప్యాప్, అందులో నీళ్లు వేడిచేసే భాగంతో కలిపి 5 ఆంపియర్ల చొప్పున ఎనిమిది గంటలకు 40. మిగతా చిల్లర ఖర్చు 15. మొత్తం 97. జనరేటర్ గంటలో వెనక్కి ఇచ్చింది మహా అయితే 40. పైగా చలికి బ్యాటరీ సత్తా తగ్గుతుంది. అద్దె బండి బ్యాటరీ కాబట్టి 100 అని రాసి ఉన్నా అంత ఇవ్వదు.

ఎందుకివ్వదు? వాడినప్పుడు పలకల మీద లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. నిండా చార్జి చేస్తే కరిగిపోతుంది. సగంసగం చార్జి చేసి వదిలేస్తే గట్టిపడి మళ్లీ కరగదు. మొదటి 80 శాతం తొందరగానే ఎక్కుతుంది. ఆఖరి 20 శాతానికి బ్యాటరీ కొంచెం కొంచెంగానే తీసుకుంటుంది, గంటలు పడుతుంది. ఎంత పెద్ద జనరేటర్ పెట్టినా అంతే. 2013 లో నేను ఆరో తరగతిలో చేరినప్పుడు మన హాస్టల్లో ఇన్వర్టర్ పెట్టారు, గుర్తుందా అన్నలూ? అందులో డిస్టిల్డ్ వాటర్ పోసే డ్యూటీ ఈ అన్నదే. ఏడాదిన్నరకే అది పావుగంటలో చతికిలపడింది. బ్యాటరీ అమ్మినవాళ్లను అందరం తిట్టుకున్నాం. కోతకూ కోతకూ మధ్య అది ఒక్కనాడూ నిండలేదని ఇప్పుడు తెలుస్తోంది.

కాబట్టి జనరేటర్‌ను పొద్దున్నే, బ్యాటరీ బాగా దిగి ఉన్నప్పుడు వెయ్యాలి. అప్పుడే ఎక్కువ తాగుతుంది. జనరేటర్ మీద ఉండే 12 వోల్టుల రంధ్రం నుంచి 8 ఆంపియర్ల లోపే వస్తుంది, దాన్ని నమ్ముకోకూడదు. 120 వోల్టుల తీగను బండికి కలిపి బండిలోని చార్జర్‌తోనే ఎక్కించాలి. పొగ కిటికీల వైపు రాకుండా చూసుకోవాలి, అది ప్రాణం తీసే పొగ. ఆఖరి 20 శాతం పని సోలార్ పలకకు అప్పగించడం తెలివి. మంచి ఎండలో 100 వాట్ల పలక రోజుకు 25 నుంచి 30 ఆంపియర్-అవర్లు ఇస్తుంది. చెట్టు నీడ ఒక మూల పడినా బాగా తగ్గిపోతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలకు ఈ ఆఖరి మెట్టు బాధ తక్కువ, సగంలో వదిలినా చెడవు. కానీ సున్నా డిగ్రీల కింద వాటిని చార్జి చెయ్యకూడదు. ధర కూడా ఎక్కువే.

అన్న బండికి సోలార్ లేదు. ఉదయం అనుమతించిన గంటలన్నీ జనరేటర్ వేశాడు. సీప్యాప్‌లో నీళ్లు వేడిచేసే భాగం ఆపించాను, దాంతో ఖర్చు బాగా తగ్గింది. మూడో రాత్రికి దగ్గర్లోనే హుకప్ ఉన్న ట్రైలర్ విలేజ్‌లో చోటు దొరికింది. రాత్రంతా కరెంటుకు పెట్టి, పొద్దున తీగ పీకేసి, గంటలు ఆగి కొలిచి ఫోటో పంపాడు. 12.5. నాన్నగారు ఏడింటిదాకా పడుకున్నారట.